పెద్ద నవలలు, చిన్న పుస్తకములు

సంక్షిప్త గ్రంథములను పిల్లలచేత చదివింపరాదని యొక వాదము పెద్దలలో కలదు. మూలమును చదువగల శక్తి వచ్చిన నాడే మూలమును చదువవలెననియు, అంతదాక వేచియుండుటయే మేలనియు, మూడువందల పుటల 'రాబిన్‌సన్ క్రూసో'ను ఎనుబది పుటలకు కుదించినచో మిగులునది క్రూసో కాదనియు వారందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. దానిని గూర్చి దిగువ చెప్పెదను. కాని యిట్లు వాదించువారిలో పెక్కురు ఇంటి భాషయు, వీథి భాషయు, బడి భాషయు ఒక్కటిగా నున్న ఊళ్లలో పెరిగినవారు. వారికి వేచియుండుటకు కాలము కలదు. ఈ బరంపురమున తెలుగు మాధ్యమమున చదువుకొను బాలబాలికలకు ఆ కాలము లేదు.

మన పిల్లవాని దినచర్యను చూడుడు. ఇంట తెలుగు. వీథిలోను, అంగడిలోను, బస్సులోను ఒడియా. సినిమాలోను, చేతి ఫోనులోను హిందీ. ఉద్యోగము మాట యెత్తినంతనే ఇంగ్లీషు. ఇన్ని భాషలు వచ్చుట నష్టము కాదు. అది మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి యని నేను తలంతును. అయితే వీనిలో తెలుగు మాత్రము వానికి రెండే విధముల దొరకుచున్నది: ఒకటి తల్లి పలుకు, రెండవది పాఠ్యపుస్తకము. తల్లి పలుకు చెవికి అందునదే గాని కంటికి అందునది కాదు. పాఠ్యపుస్తకములోని పాఠము నాలుగైదు పుటలు దాటదు. అది ముగిసినంతనే అర్థములు వ్రాయుము, ఖాళీలు పూరింపుము, సొంతవాక్యములు కూర్చుము అను ఆజ్ఞలు బయలుదేరును. తరువాత ఏమి జరుగునో యను ఆత్రముతో పుట త్రిప్పుట యనునది తెలుగులో వాడెరుగడు. పదవ తరగతి పరీక్షతో తెలుగు చదువు ముగియువారే మనలో అధికము. పదియేండ్లకును పదునైదేండ్లకును నడుమ తనంతట తానుగా నూరు పుటల తెలుగు పుస్తకమొకటి కడదాక చదువని బాలుడు ఇరువదియైదవ యేట మూలగ్రంథమును వెదకి తెచ్చుకొనునని ఆశించుట యెట్లు?

కొందరు తల్లిదండ్రులు మరియొక ప్రశ్న వేయుదురు: "కథ కావలసినచో ఇంగ్లీషులోనే చదువనిండు, మాస్టారూ! కథయు వచ్చును, ఇంగ్లీషును వచ్చును." ఇది కాదనదగిన మాట కాదు. కాని జరుగుచున్నదేమి? పంక్తికి మూడు తెలియని మాటలు తగులును. నిఘంటువు తెరచులోపల ఓడ మునుగును, దొంగలు పారిపోవుదురు, కథానాయకుడు బావిలో పడును; పిల్లవాడు మాత్రము మొదటి పుటలోనే యుండును. సాహసకథకు ప్రాణము వేగము. తెలిసిన భాషలో చదివినప్పుడే ఆ వేగము అందును. తెలుగులో ఒకమారు చదివి కథను ఆకళించుకొన్న పిల్లవానికి అదే కథను ఇంగ్లీషు నాన్‌డిటెయిల్డు పుస్తకముగా నిచ్చి చూడుడు. తెలియని మాటలను కథయే విప్పి చెప్పును. ఒడియాకును ఇదే న్యాయము. కావున తెలుగు చిన్న పుస్తకము ఇంగ్లీషుకు పోటీ కాదు. దానికి మొదటి మెట్టు.

ఇక సంక్షేపము అను ప్రక్రియయే నీచమనువారికి మన సాహిత్యమే సమాధానము చెప్పగలదు. వాల్మీకి రామాయణమున మొట్టమొదటి సర్గ యేది? నారదుడు వాల్మీకికి కథనంతయు నూరు శ్లోకములలో చెప్పివేసిన సంక్షేప రామాయణము. ఇరువదినాలుగు వేల శ్లోకముల ముందట నూరు శ్లోకముల చిన్న పుస్తకమును నిలుపుటకు మన పూర్వులు సంకోచింపలేదు. తిక్కనగారు భగవద్గీత యేడువందల శ్లోకములను మిక్కిలి కుదించి చెప్పి కథ నడిపిరి. సోమదేవుని 'కథాసరిత్సాగరము' గుణాఢ్యుని బృహత్కథకు సంగ్రహము. మూలము నేడు దొరకుట లేదు గాని సంగ్రహము మిగిలి, మనకు విక్రమార్కుని భుజముపైని బేతాళుని దాక అందించినది. దండి వ్రాసిన 'దశకుమారచరితము'ను కేతన పదుమూడవ శతాబ్దమున తెలుగు పద్యములలో తిరిగి చెప్పెను. ఓడలు మునుగుట, రాజ్యములు పోవుట, మిత్రులు విడిపోయి దేశదేశములు తిరిగి తమ కథలు చెప్పుకొనుట, ఇవన్నియు అందున్నవి. సాహసకథ మనకు పడమటి దేశముల నుండి వచ్చిన దిగుమతి సరుకు కాదు. ఇంగ్లండున లాంబు అక్కాతమ్ములు పిల్లలకొరకు షేక్స్‌పియరు నాటకములను కథలుగా చెప్పిన పుస్తకము 1807లో వెలువడినది. దానిని చదివిన పిమ్మట నాటకముల జోలికి పోనివారును కలరు, నాటకములను వెదకికొని పోయినవారును కలరు. మొదటివారు లాంబు పుస్తకము లేకున్నను నాటకములను చదువరు.

ఆధునిక కాలమున తెలుగు బాలురకు ఈ మేలు చేసినవారిని స్మరింపవలసియున్నది. 1947 జులైలో మద్రాసున ప్రారంభమైన 'చందమామ', హోమరు 'ఒడిస్సీ'ని రూపధరుని యాత్రలుగా మార్చి, అది గ్రీకుల కథ యని తెలియకయే మన పిల్లలు చదువునట్లు చేసినది. నండూరి రామమోహనరావుగారు స్టీవెన్‌సన్ నవలను 'కాంచనద్వీపము'గాను, మార్క్ ట్వేన్ నవలలను 'టామ్ సాయర్', 'రాజు–పేద' మొదలగు పేర్లతోను తెలిగించిరి. చందమామ నేడు వెలువడుట లేదు. తెలుగు రాష్ట్రములలో అచ్చగు బాలల పుస్తకములు ఇచ్ఛాపురము దాటి మన అంగళ్లకు వచ్చుట అరుదు. కావున వచ్చిన నాలుగు పుస్తకములను మనము మంచి చెడ్డలు చూచి యెన్నుకొనవలసియున్నది. అసలు చెప్పదలచినది ఇదియే. సంక్షేపము మంచిదా చెడ్డదా యను వాదము నాకు నిరర్థకముగా తోచును. ఏది తీసివేసినారు, ఏది ఉంచినారు అనుటయే అడుగవలసిన ప్రశ్న.

క్రూసో పుస్తకమునే తీసికొందము. డేనియల్ డీఫో దీనిని 1719లో ప్రకటించెను. చవుకబారు సంక్షేపములలో ఈ కథ యెట్లుండును? ఓడ మునిగినది, క్రూసో ఒంటరిగా దీవి చేరినాడు, ఇల్లు కట్టుకొన్నాడు, పంటలు పండించినాడు, నరమాంస భక్షకులు వచ్చినారు, ఫ్రైడేను రక్షించినాడు, ఇరువదియెనిమిదేండ్లకు ఇంటికి పోయినాడు. తుపానును, తుపాకిని ఉంచి తక్కినదంతయు కొట్టివేసినారు. ఈ పుస్తకమును ఇన్ని తరములు నిలిపినది ఆ తుపాకి కాదు. "ఇల్లు కట్టుకొన్నాడు", "పంటలు పండించినాడు" అను రెండు వాక్యములు మ్రింగివేసిన భాగమే యసలు పుస్తకము.

ఒక పలక కావలెను. అతనికి తోడు మనుష్యుడు లేడు. చెట్టు నరకి, దాని రెండు ప్రక్కలను గొడ్డలితో చెక్కి చెక్కి, బాడిసతో నునుపు చేసి, ఒక చెట్టు నుండి ఒక్క పలక తీసెను. పొడుగైన అలమర బల్ల యొక్కదానికి నలువది రెండు దినములు పట్టెనని అతడే లెక్క చెప్పును. ఒక కుండ కావలెను. బంకమన్ను తెచ్చి, పిసికి, ఎండబెట్టగా కొన్ని తమ బరువునకు తామే కూలినవి, కొన్ని యెండకు పగిలినవి, కొన్ని కదల్చినంతనే విరిగినవి. రెండు నెలల పాటు శ్రమించి వికారమైన రెండు పెద్ద బానలు మాత్రము చేయగలిగెను. అవియును నీరు నిలుపునవి కావు. ఒకనాడు వంట ముగించి నిప్పు ఆర్పుచుండగా అందు పడియున్న పెంకు ముక్క యొకటి రాయివలె గట్టిపడి యెఱ్ఱనై కనబడెను. ముక్క కాలినప్పుడు కుండ యేల కాలదు? అట్లు ఆలోచించి, కుండలను పేర్చి చుట్టును కట్టెలు పెట్టి రాత్రియంతయు కనిపెట్టుకొని యుండి కాల్చెను. కుమ్మరి ఆవము చూచిన మన యూరి పిల్లవానికి ఈ ఘట్టమున కలుగు ఆనందము, ఆవము నెన్నడు చూడని పిల్లవానికి కలుగు ఆశ్చర్యము, రెండును గొప్పవే.

గింజల సంగతి మరింత రసవంతమైనది. ఎలుకలు తినివేసిన మేత సంచిని పొట్టు అనుకొని గుట్ట ప్రక్క దులిపినాడు. కొన్నాళ్లకు వానలు కురిసి మొలకలు వచ్చినవి. పదిపండ్రెండు యవల వెన్నులు, కొన్ని వరి మొక్కలు. మొదట దైవలీల యని కన్నీరు కార్చినాడు. పిదప సంచి దులిపిన సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఆ గింజలను దాచి, తెలియక ఎండకాలము ముందట చల్లి, చల్లినంత పోగొట్టుకొన్నాడు. కొంత మిగిల్చి యుంచుకొన్నందున బ్రదికినాడు. ఏ కాలమున వాన కురియునో యేండ్ల తరబడి గుర్తులు పెట్టుకొని, నాలుగవ యేటి దాక ఒక్క గింజయు నోట పెట్టక విత్తనములకే ఉంచినాడు. గంజాము జిల్లాలో వరి చేల నడుమ పెరుగు పిల్లలకు ఇంతకంటె దగ్గరి కథ యేది? దీనిని తీసివేసి ఫిరంగి మ్రోతను ఉంచువారు పిల్లల తెలివిని తక్కువగా అంచనా వేసినవారు.

ఇక పడవ. పెద్ద దేవదారు వృక్షమును నరకుటకు ఇరువది దినములు, కొమ్మలు కొట్టుటకు పదునాలుగు, పై రూపు దిద్దుటకు ఒక నెల, లోపల తొలుచుటకు ఇంచుమించు మూడు నెలలు పట్టినవి. ఇరువదియారుగురు కూర్చుండదగిన పడవ తయారైనది. నీరు నూరు గజముల దూరమున నున్నది. ఆ పడవను కదల్చుట యతనివలన కాలేదు! ముందు ఆలోచింపవలసిన సంగతిని చివర ఆలోచించినాడు. ఈ ఘట్టమునకు ఏ సంక్షేపమైనను రెండు పుటలైన ఇయ్యవలెనని నా మతము. "క్రూసో పడవ చేయ ప్రయత్నించి విఫలుడయ్యెను" అని వ్రాసినచో అది వార్త యగును గాని కథ కాదు. గొడ్డలి దెబ్బలు లెక్కపెట్టిన తరువాతనే పిల్లవానికి ఆ నూరు గజముల దూరము తెలియును.

ఈ పనిపాటల వర్ణనలను నేను ఇంతగా పట్టుకొనుటకు మరియొక కారణము కలదు. మన పిల్లలకు లోపించుచున్నది ఈ తెలుగే. దేశభక్తి, పరోపకారము, పర్యావరణము అను మాటలు వారికి వచ్చును, పరీక్షలో వ్రాసెదరు. బాడిస, చిత్రిక, ఉలి, ఆవము, సారె, దడి, జల్లెడ, రోలు అను మాటలు వారి నోట లేవు. ఇంటిలో ఆ పనులు పోయినవి. వీథిలో ఆ వస్తువులకు వేరు భాషలో పేర్లు విందురు. సముద్ర కథలలోని మాటలకును ఇదే గతి. తెరచాప, చుక్కాని, లంగరు, తెడ్డు, తండేలు, సరంగు, ఆటుపోటు అనునవి నిఘంటువులో ఎండిపోయిన మాటలు కావు. గోపాలపురము ఒకప్పుడు రంగూనుకు ఓడలు నడచిన రేవు. మనవారిలో ఎందరో ఆ ఓడలెక్కి బర్మా పోయినవారే. నేటికిని ఆ తీరమున వలలు లాగు మత్స్యకారులలో తెలుగు మాటలాడువారు పెక్కురు కలరు. 'కాంచనద్వీపము' చదివిన బాలుడు ఆదివారము గోపాలపురము పోయి, పడవకు ఏ భాగమును ఏమందురో అక్కడి పెద్దవారిని "తాతా" యని పిలిచి అడిగి వ్రాసికొని వచ్చినచో, ఆ జాబితా ఏ ఉపవాచకములోని ప్రశ్నావళికంటెను విలువైనది. పుస్తకములో వ్రాసిన మాటయు వారి నోటి మాటయు వేరైనచో రెండును వ్రాసికొనవలెను.

రెండవ కొలత మరింత కఠినమైనది. పిల్లల పుస్తకమని చెప్పి చేదు నిజములను తీసివేయవచ్చునా? క్రూసో ఓడ ఎందులకు బయలుదేరెనో పెక్కు చిన్న పుస్తకములు చెప్పవు. అతడు బ్రెజిలులో తోట యజమాని. ఆఫ్రికాలోని గినీ తీరము నుండి మనుష్యులను బానిసలుగా పట్టి తెచ్చుటకై పోవుచుండగా ఆ ఓడ మునిగినది. అంతకు పూర్వము సలీ నగరమున తానే బానిసయై, జూరీ యను బాలుని తోడుతో పడవపై తప్పించుకొని, తనను నమ్మి వెంట వచ్చిన ఆ బాలునే పోర్చుగీసు ఓడ నాయకునికి అరువది వెండి నాణెములకు అమ్మివేసినాడు. ఫ్రైడేకు నేర్పిన తొలి మాటలలో తనను 'యజమాని' యని పిలువవలెననుట యొకటి. ఆ మనుష్యుని అసలు పేరేమని అడిగిన పాపము పోలేదు. ఇవి తీసివేసినచో క్రూసో కష్టజీవియైన సాధువుగా మిగులును. పిల్లలకు చెప్పవలసినది సగము నిజమా? జూరీ సంగతికి మూడు వాక్యములు చాలును. ఆ మూడు వాక్యములు చదివిన ఆరవ తరగతి పిల్ల "అది అన్యాయము గదా, మాస్టారూ!" అనును. అనవలెను. ఆ ప్రశ్నతో ఆ పుస్తకము ఆమె సొంతమగును. పరుల నేలలో తమ పేరు తాము నిలుపుకొనుట యెట్టిదో మనవంటి అల్పసంఖ్యాకుల పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

మూలమేది యని చూచుకొనక కుదించుటవలన కలుగు నష్టమునకు ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ నవలలు నిదర్శనము. సముద్రగర్భమున 'నాటిలస్' అను నావను నడపు కెప్టెన్ నెమో పేరు వినని విద్యార్థి యుండడు. 1870లో పుస్తకరూపమున పూర్తియైన ఆ మొదటి నవలలో అతడు ఏ దేశీయుడో వెర్న్ చెప్పలేదు. (ఆ నవల పేరిటనున్న ఇరువది వేల లీగులు సముద్రపు లోతు కాదు, ప్రయాణము చేసిన దూరము. ఆ లీగు నాలుగు కిలోమీటర్లు. భూగోళమును రెండు మారులు చుట్టి వచ్చినంత దూరమని లెక్కించి చూచుకొనుడు.) 1874–75లో వెలువడిన 'మర్మద్వీప' నవలలో రహస్యము బయటపడును. నెమో మన దేశీయుడు! బుందేల్‌ఖండ రాజకుమారుడు, పేరు దక్కరు. టిప్పు సుల్తానుకు మేనల్లుని వరుస వానిగా వెర్న్ అతనిని కల్పించెను. 1857 సమరమున పోరాడి, ఆలుబిడ్డలను పోగొట్టుకొని, సముద్రమును శరణు చొచ్చినవాడు. ఒక ఫ్రెంచివాడు తన కాలపు మహాసాహసిగా ఒక భారతీయుని నిలిపినాడన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును?

తెలియకపోవుటకు కారణము కలదు. 1875లో కింగ్‌స్టన్ పేరిట వచ్చిన ఇంగ్లీషు అనువాదమున నెమో ఆంగ్లేయ పాలనను నిందించు మాటలు మార్పబడినవి. అంతకు ముందు మెర్సియర్ అనునతడు మొదటి నవలను ఇంగ్లీషు చేయుచు ఇంచుమించు ఐదవవంతు భాగమును విడిచివేసెను. ఈ ఇంగ్లీషు పుస్తకములే దేశదేశములకు పోయినవి. వీనిని చూచి కుదించినవారు కుదించిన దానినే మరల కుదించిరి. ఈ నవలలను తెలుగులోనికి సంక్షేపించువారు మంచి అనువాదమును ముందుంచుకొనవలెను. చేపల పేర్ల పట్టికలను ఎంతయైనను కత్తిరింపవచ్చును గాని, నెమో పుట్టు పూర్వోత్తరములను కత్తిరింపరాదు. చేపల పట్టికలు పోయినందుకు నేను కంట తడి పెట్టను. ఆ మర్మద్వీపమునందే రెండు గడియారముల అద్దములను జోడించి, నడుమ నీరు పోసి, అంచులను బంకమట్టితో మూసి, సూర్యరశ్మితో నిప్పు పుట్టించిన ఇంజనీరు కథ కలదు. ఇది యేడవ తరగతి విజ్ఞానశాస్త్రము. సంక్షేపమున అది తప్పక యుండవలెను.

'కాంచనద్వీపము'ను గూర్చి చెప్పవలసినది వేరు. 1881 వేసవిలో స్టీవెన్‌సన్ తన సవతి కుమారుడైన పదుమూడేండ్ల బాలునితో కూడి రంగులతో ఒక దీవి పటము గీయగా, ఆ పటము నుండి ఈ కథ పుట్టినది. మొదట బాలుర పత్రికలో ధారావాహికగా వచ్చి, 1883లో పుస్తకమైనది. ఇందు ఒంటికాలి వంటవాడు సిల్వర్ అనువాడు కలడు. తీయగా మాటలాడును, బాలుడైన జిమ్‌ను కొడుకువలె చూచును, అదే చేతితో నిరపరాధియైన నావికుని చంపును. ఆపిలు పండ్ల పీపాలో దాగి జిమ్ వాని మాటలు వినునప్పుడు, మనమును వానిని నమ్మియుంటిమి గదా యని గుండె జల్లుమనును. చివరకు సిల్వర్ ఒక సంచి బంగారముతో పారిపోవును, శిక్ష పడదు. కొన్ని చిన్న పుస్తకములలో వానిని మొదటి పుట నుండియు దుర్మార్గునిగా చూపి, చివర కథలో లేని శిక్షయు వేయుదురు. ఇది నీతి బోధ యని వారి యభిప్రాయము కాబోలు. చెడ్డవాడు చెడ్డవానివలె కనబడడని తెలిసికొనుటకు పిల్లలకు ఇంతకంటె అపాయములేని చోటు దొరకదు. అది తీసివేయుట నీతికే ద్రోహము.

అన్ని పుస్తకములును కుదింపునకు లొంగవు. మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్' నవలకు ప్రాణము ఆ కుర్రవాని మాటతీరు. కథను కుదించినచో మాట పోవును. దానిని తొమ్మిది, పది తరగతుల దాక ఆపి, నండూరివారి తెలుగులో చదివింపవలెను. స్విఫ్ట్ వ్రాసిన 'గలివర్' యాత్రలు నాలుగు. బాలల పుస్తకములలో మరుగుజ్జుల దేశము, మహాకాయుల దేశము మాత్రమే యుండును. పదియేండ్ల పిల్లవానికి అంత చాలును. అయితే మిగిలిన రెండు యాత్రలు కలవని ఆ పుస్తకమున ఎక్కడనైన చెప్పినారా? సంక్షేపకర్త చేయవలసిన కనీస మర్యాద యొకటి కలదు: మూలము పేరు, రచయిత పేరు, వెలువడిన సంవత్సరము, విడిచిన భాగములు ఏవి యనునవి తొలి పుటలో చెప్పవలెను. రచయిత పేరైనను లేని పుస్తకములు అంగళ్లలో బొమ్మలతో మెరయుచున్నవి. అట్టివానిని కొనక పోవుటయే మంచిది.

భాషను గూర్చి ఒక మాట. పిల్లల పుస్తకమనగానే వాక్యములను ముక్కముక్కలుగా కొట్టి, క్రియకొక పూర్ణవిరామము పెట్టి, తెలిసిన మూడువందల మాటలలోనే కథ ముగించు పద్ధతి యొకటి వచ్చినది. మన పిల్లలకు తెలుగు రాదను జాలి దీనికి కారణము. చదువుట వలననే గదా వచ్చుట! పుటకు నాలుగైదు క్రొత్త మాటలు తగిలినను కథ లాగుకొని పోవును. అట్లని "జలనిధి మధ్యంబున నుత్తుంగ తరంగంబులు" అని మొదలుపెట్టినచో పిల్లవాడు ఓడ దిగి పారిపోవును. చెప్పుకొను తెలుగు నుండి వ్రాసికొను తెలుగునకు చేయి పట్టుకొని నడిపించు భాష కావలెను. పేర్లను మార్చి క్రూసోను కృష్ణయ్యగా, ఇంగ్లండును ఇంద్రపురిగా చేయనక్కరలేదని నా యభిప్రాయము. చందమామ చేసినది వేరు. అది ప్రాచీన కథ. నాలుగు భాషల నడుమ పెరుగు మన పిల్లలు పరదేశపు పేరు విని బెదరరు.

ఇంట చేయవలసిన పని కొంత కలదు. రాత్రి భోజనమైన పిమ్మట ఒక ప్రకరణము, పావుగంట సేపు, పెద్దవారెవరైన బిగ్గరగా చదువుడు. తెలుగు చదువ రాని తల్లిదండ్రులు ఉండవచ్చును. అట్టి యింట పిల్లవాడు చదువగా పెద్దలు వినవలెను, నడుమ నడుమ "ఊఁ" కొట్టవలెను. నాయనమ్మ ఊఁ కొట్టిన ఇంట పుస్తకము ఆగదు. చదివిన తరువాత అర్థములడుగవలదు, నీతి యేమని అసలే యడుగవలదు. మరునాటికి ఏమగునని ఊహించుమనుడు, చాలును.

బడిలోను ఒక చిన్న పని చేయవచ్చును. వచ్చు సంచికకు ఎనిమిదవ తరగతివారు క్రూసో పడవ ఘట్టమును తీసికొని, ఒక్కొక్కరు రెండు పుటలకు మించకుండ తమ తెలుగులో తిరిగి చెప్పవలెను. మూలపు ఘట్టమును నేను తరగతిలో చదివి తెలుగున వివరించెదను. వడ్రంగము, పడవపని తెలిసిన తండ్రులు, తాతలు ఇంట ఉన్నచో పనిముట్ల పేర్లు వారినే యడుగుడు. వారు చెప్పిన పేరునే వ్రాయుడు, నిఘంటువులో లేదని కొట్టివేయను. వ్రాసినవానిలో రెండింటిని ఎదురెదురు పుటలలో అచ్చు వేయింతము. ఒకరు విడిచినది మరియొకరు ఏల ఉంచిరో, ఆ యిద్దరును తమ రచన క్రింద నాలుగు పంక్తులలో చెప్పవలెను. కాగితములు సంక్రాంతి సెలవులకు ముందుగా నాకు అందవలెను.